తొణకని బండి

నాకు అనుమానం జబ్బు ఉందని పెళ్లయిన ఏడాదికే మా ఆవిడ తేల్చేసింది. హోటల్లో ఇడ్లీ పెడితే చట్నీ నిన్నటిదేమోనని వాసన చూస్తాను. పెట్రోలు బంకులో అందరూ మీటరు వంక చూస్తే నేను కొట్టేవాడి మొహం వంక చూస్తాను. ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఆలోచనలో పడతాను. కోనసీమలో పుట్టినవాడికి ఈ జబ్బు ఉండకూడదు. ఇక్కడ అందరూ మర్యాదగానే మాట్లాడతారు. తిట్టాల్సి వచ్చినా చివర అండీ తగిలించే తిడతారు. అందుకని నాకు రోజంతా ఆలోచనే.

తొంభైల్లో మురమళ్ళ మెయిన్ రోడ్డు మీద నాకు వెల్డింగు షాపు ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనకాల మా ఇల్లు. ఇంటి గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టరు తొట్టెలు, ఇవే రోజువారీ పని. విరిగిన మోటారు సైకిలు ఫ్రేము వస్తే మాత్రం నాకు పండగ. గేటు ఎవరైనా చేస్తారు. బండి ఫ్రేము పట్టుకోవాలంటే లెక్క ఉండాలి, చెయ్యి ఉండాలి, కాస్త భయం కూడా ఉండాలి. నాకు ఆ మూడోది కావలసినంత ఉంది.

మద్యనిషేధం నడుస్తున్న రోజులవి. మా ఊరు దాటి కొంచెం దూరం పోతే ఎదుర్లంక రేవు. అక్కడ బళ్ళని కూడా దాటించే పంటు పడవ ఎక్కి గోదావరి దాటితే యానాం. యానాం మన రాష్ట్రంలోది కాదు కాబట్టి అక్కడ మందు షాపులు తెరిచే ఉండేవి. దాంతో మా చుట్టుపక్కల మగవాళ్ళందరికీ ఒక్కసారిగా యానాంలో ఏవో పనులు పడ్డాయి. వెళ్ళేటప్పుడు సన్నగా ఉన్నవాళ్ళు వచ్చేటప్పుడు పొట్టలతో వచ్చేవారు. లుంగీ కింద సీసాలు కట్టుకున్నవాడి నడకని నేను షాపులో కూర్చునే పోల్చేవాణ్ణి. రేవు దిగినవాళ్ళని దిగినట్టు ఎక్సైజు వాళ్ళు తడిమి చూసేవారు.

అప్పుడే ఒకాయన స్కూటరు తెచ్చి, కాళ్ళు పెట్టుకునే చోట తుప్పు పట్టింది, కొత్త రేకు వెయ్యమన్నాడు. పాత రేకుకీ కొత్త రేకుకీ మధ్య కాస్త జాగా వదలమన్నాడు. వేడి తగలకుండా ఉంటుందట. నేను నమ్మాను. పది రోజులకి ఆ జాగాలో సీసాలతో సహా ఆయన రేవులో దొరికిపోయాడు. ఈ పని ఎవడు చేశాడని అడిగితే నా షాపు చూపించాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. ఇంకోసారి ఇలాంటి బండి నీ షెడ్డులోంచి బయటికి వస్తే షెడ్డుకి తాళం వేసి నిన్ను లోపల వేస్తామని చెప్పి పంపారు. ఆ రోజుతో నా జబ్బు ముదిరింది.

అలాంటి సమయంలో మలికిపురం ఆయన వచ్చారు. నలభై నిండని మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతికి గల్ఫు వాచీ. పాత టూ స్ట్రోకు బండికి స్టాండు వేసి, రెండు చేతులూ జోడించారు.

"మేస్త్రీ గారండీ, మీ పని గురించి విని వచ్చేనండి."

ఎవరి దగ్గర విన్నారో చెప్పలేదు. మలికిపురం నుంచి మా ఊరికి రావాలంటే రాజోలు దాటాలి, అమలాపురం దాటాలి. ఆ దారిలో ఎన్ని వెల్డింగు షాపులున్నాయో నాకు తెలుసు. అన్నీ వదిలేసి రేవు పక్కనున్న నా షాపుకే రావడమేమిటి? కూర్చోండి అని స్టూలు జరిపాను గానీ లోపల అప్పుడే బిగుసుకుపోయాను.

ఆయన జేబులోంచి మడత పెట్టిన రంగుల కాగితం తీశారు. ఏదో గల్ఫు పత్రికలోంచి చింపిన బొమ్మ. ఎడారి ఇసకలో ఒక మోటారు సైకిలు. పొడుగాటి ముందు ఫోర్కులు, పెద్ద చక్రం, పైకి లేపి కట్టిన సైలెన్సరు, నేలకి మూరెడు ఎత్తున ఇంజను, వెనకాల పెట్టెలు.

"నా బండి ఇలా అవ్వాలండి. సముద్రం ఒడ్డు ఇసకలో కూరుకుపోకూడదు. కాలవ గట్ల మీద గోతుల్లో అడుగు తగలకూడదు." ఇక్కడ గొంతు తగ్గించారు. "వెనక క్యారియరు మీద ఒక పెట్టె ఉంటుందండి. దానికి కుదుపు తెలియకూడదు. నీళ్ళ గ్లాసు పెడితే తొణక్కూడదు."

"ఎటు తిరుగుతుందండి బండి?"

"ఎక్కువగా రేవు దాటి అటేనండి. వెళ్ళేటప్పుడే బరువు. వచ్చేటప్పుడు ఖాళీ."

టీ తెచ్చిన మా ఆవిడ ఆ మాట విని, గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళింది.

"గల్ఫులో ఎన్నాళ్ళున్నారండి?"

"తొమ్మిదేళ్ళండి. ఇంక వెళ్ళదల్చుకోలేదు. మా పాప నన్ను చూసి తలుపు చాటుకి పోతోందండి, ఎవరో చుట్టం వచ్చేడనుకుని. ఈ బండి పనికొస్తే ఇక్కడే బతికేస్తాను. పనికి రాకపోతే మళ్ళీ ఎడారేనండి."

ఆయన మనసులో మాట చెబుతున్నారని ఇంకొకరైతే గ్రహించేవారు. నేను మాత్రం, బండి మీద ఆధారపడే ఆ బతుకు ఏమిటా అని లెక్కలు కట్టాను. రేవు దాటాలి, గట్ల మీద పోవాలి, పెట్టె ఉండాలి, కుదుపు తగలకూడదు. కుదుపు తగిలితే పగిలేవి సీసాలే కదా.

ఏం సరుకండీ అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. బేరానికి వచ్చిన పెద్దమనిషిని నువ్వేం మోస్తావని అడగడం మా వైపు మర్యాద కాదు. పైగా, దొంగని అడిగితే నిజం చెబుతాడా? ఆయన మళ్ళీ మళ్ళీ నా మొహంలోకి చూశారు, నేనేదో అంటానని ఎదురుచూస్తున్నట్టు. నేను నవ్వుతూ "ఆయ్, అలాగేనండి, చేద్దామండి" అన్నాను.

మరి వద్దనొచ్చు కదా అంటారా? ఆ బొమ్మ నన్ను వద్దననివ్వలేదు. గేట్లకి పువ్వులు వంచి వంచి విసిగిపోయినవాడికి అలాంటి బండి చేసే అవకాశం జన్మలో మళ్ళీ రాదు. పని మీద ఆశ, మనిషి మీద అనుమానం, రెండూ ఒకే రోజు మొదలయ్యాయి.

నెల పైన పట్టింది. బండిని విప్పేసి ఫ్రేముని షెడ్డు దూలానికి వేలాడదీశాను. ఎత్తు పెంచితే దెబ్బంతా హ్యాండిల్ మెడ మీద పడుతుంది. అందుకని మెడకి రెండు వైపులా మందపాటి పలకలు కోసి అతికాను. ముందు ఫోర్కు గొట్టాలకి లేత్ మీద నాలుగంగుళాల ముక్కలు తిప్పి, మరలు కోసి బిగించాను. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ పాతది పనికి రాదని తీసేసి, పొడుగ్గా కొత్తది చేశాను. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి నూలు దారం లాగి, వెంట్రుక వాసి తేడా ఉన్నా కోసి మళ్ళీ అతికాను.

క్యారియరు చట్రానికి పైపు వంచాలి. ఖాళీ పైపుని వంచితే నొక్కుకుపోతుంది. అందుకని పైపు నిండా పొడి ఇసక కూరి, రెండు చివర్లా కర్ర బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచాలి. ఇసకలో తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా ఎగిరి మొహం మీదికి వస్తుంది. నేను గోదావరి ఇసకని పెనం మీద వేయించి పోసేవాణ్ణి. పెనం మా ఆవిడది. దాని మీద ఇంట్లో రోజూ రెండు మాటలు నడిచేవి.

మలికిపురం ఆయన వారానికి రెండుసార్లు వచ్చి, స్టూలు మీద కూర్చుని చూసేవారు. ఆయన అడిగే ప్రశ్నలే నాకు నిద్ర పట్టనిచ్చేవి కావు. ఒకరోజు వంచిన పైపుని చేత్తో నిమురుతూ, "ఇసకంతా దులిపేస్తారా అండి? లోపల పూర్తిగా ఖాళీ అయిపోతుందా?" అన్నారు. ఖాళీ పైపులో ఏం దాస్తాడో అనుకున్నాను. బరువు తగ్గుతుందా అని ఆయన అడిగారని ఇప్పుడు తెలుస్తోంది. ఇంకోరోజు నా గ్యాస్ వెల్డింగు సామాను చుట్టూ తిరిగి, "ఈ ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ నింపిస్తారండి? చిన్నవి దొరుకుతాయా?" అని అడిగారు. ఆ సాయంత్రమే సిలిండరుకి గొలుసు వేసి తాళం పెట్టాను. పక్క టీ కొట్టాయన తొంగిచూసి, "యానాం బండేనా అండి?" అని కన్ను గీటి వెళ్ళేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

వెనక షాకబ్జర్లకి స్ప్రింగులు ఆయనే తెచ్చారు. రాజమండ్రి పాత సామాన్ల కొట్లో వెతికి పట్టుకున్నారట. పొడుగైనవి, చేత్తో నొక్కితే లొంగేంత మెత్తనివి. వాటిని బిగించి, పైన రేకు తొడుగులు వేశాను. పెట్టె కూర్చునే చోట సైకిలు ట్యూబులు ఉంగరాల్లా కోసి, పెట్టెని వాటికి ఉయ్యాల కట్టారు ఆయన. సీసాకి ఇంత సేవ ఎవడు చేస్తాడా అని నాకే ఆశ్చర్యం వేసింది.

బండి పూర్తయ్యాక స్టీలు గ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసి పెట్టెలో పెట్టారు. నన్ను నడపమని, తను వెనక కూర్చున్నారు. కాలవ గట్టు మీద లాకుల దాకా పోయి వచ్చాం. గట్టు నిండా గోతులే. బండి గోతిలో దిగినట్టు కంటికి కనిపిస్తోంది గానీ ఒంటికి తెలియడం లేదు. నా చేతులతో చేసిన బండి మీద నేనే నమ్మలేక రెండోసారి అదే గోతిలోంచి పోనిచ్చాను. తిరిగొచ్చి చూస్తే నాలుగైదు చుక్కలు ఒలికాయంతే. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఇంక నేను వెళ్ళక్కర్లేదండి, మేస్త్రీ గారండీ. వెళ్ళక్కర్లేదు."

రంగు వేసి ఎల్లుండి ఇస్తానని చెప్పాను. నా ఆనందం ఒక్క పూట నిలిచింది.

మర్నాడు పొద్దున్న ఎక్సైజు జీపు టీ కొట్టు ముందు ఆగింది. అందులోంచి ఒకాయన టీ గ్లాసుతో సహా నా షెడ్డులోకి వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఎవరిదయ్యా ఇది?"

"మలికిపురం ఆయనదండి."

"ఇంత ఎత్తు దేనికి?"

"ఇసకలో తిరగడానికండి."

క్యారియరు మీద అరచేత్తో తట్టి, నా వంక చూసి నవ్వి, "జాగ్రత్త" అన్నాడు. అంతే. జీపు వెళ్ళిపోయింది.

పని ఆపేసి బండి ఇవ్వనంటే కారణం చెప్పాలి. ఆయన మొహం మీద నువ్వు మందు మోస్తావని అనే ధైర్యం నాకు లేదు. ఎక్సైజు వాళ్ళకి చెబుదామా అంటే, ఒకవేళ కాకపోతే ఆ పాపం నాది. ఊరుకుంటే షెడ్డుకి తాళం. ఆలోచించి ఆలోచించి మధ్య దారి ఒకటి కనిపెట్టాను. అంత తెలివి ఏ మంచి పనికీ నాకు రాలేదు.

లేత్ మీద అంగుళం మందాన ఉంగరాల్లాంటి రెండు ఇనప బుష్షులు తిప్పాను. షాకబ్జర్లు విప్పి, ఒక్కో స్ప్రింగు కింద ఒక్కో బుష్షు పెట్టి, నొక్కి బిగించి, తొడుగులు వేసేశాను. స్ప్రింగు చుట్లు ముందే దగ్గరపడి ఉంటాయి. పెద్ద గోతిలో పడితే ఒకదానికొకటి ఆనుకుని, స్ప్రింగు కాస్తా ఇనప దిమ్మ అయిపోతుంది. పైకి ఏమీ కనపడదు. సీసాలు దారిలో పగులుతాయి, వాసనకి ఎక్కడో ఒకచోట తనే దొరికిపోతాడు, లేదా విసుగొచ్చి మానేస్తాడు. ఎటైనా అది నా షాపుకి దూరంగా జరుగుతుంది. ఇదీ నా లెక్క.

ఆయన వచ్చి బండి ఎక్కి, రోడ్డు మీద కొంతదూరం పోయి వచ్చారు.

"కొంచెం గట్టిగా ఉన్నట్టుందేమండి ఇవాళ?"

"కొత్త బుష్షులండి. నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాయి."

"ఆయ్, మీరు చెప్పేరంటే అంతేనండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ అంది. "ఏవండీ, వెళ్ళేటప్పుడే బరువు, వచ్చేటప్పుడు ఖాళీ అన్నారు కదా ఆయన. మందు అటునుంచి ఇటు వస్తుంది గానీ, ఇటునుంచి అటు పట్టుకెళ్ళేవాళ్ళు ఉంటారా?"

అన్నం కలుపుతూనే అన్నాను. "నాటుసారా అయ్యుంటుంది."

"షాపులు తెరిచున్న ఊళ్ళో నాటుసారా ఎవరు కొంటారండీ?"

"అయితే అబద్ధం చెప్పుంటాడు."

"అబద్ధమే చెప్పాలనుకుంటే ఉప్పు బస్తాలనో, కొబ్బరికాయలనో చెప్పేవారు. బరువు ఎటుంటుందో చెప్పడం దేనికి?"

ఇన్నాళ్ళూ రేవు దగ్గర ఏ బండి ఎటు బరువుతో పోతుందో చూసిన నేను, నాకు చెప్పిన మాటనే తిరగేసి విన్నాను. బుష్షుల సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆయన ఊరి పేరు తప్ప ఇల్లెక్కడో నాకు తెలియదు. వెతికి వెళ్ళి ఏమని చెప్పాలి? ఆ తర్వాత రోడ్డు మీద టూ స్ట్రోకు బండి చప్పుడు వినపడినప్పుడల్లా తల ఎత్తేవాణ్ణి. ఆయన కాదని తెలిసి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అప్పటిదాకా లోకం మీదున్న అనుమానం మొదటిసారి నా మీదికే తిరిగింది.

అయిదు వారాల తర్వాత మిట్టమధ్యాహ్నం ఆయన వచ్చారు. చొక్కాకి ఇస్త్రీ లేదు. బండికి స్టాండు వేసి, స్టూలు మీద కూర్చున్నారు.

"మళ్ళీ మామూలు బండి చేసిపెట్టాలండి. ఈ ఎత్తు బండి మా వైపు ఎవరూ కొనరు. మామూలుగా ఉంటే అమ్ముడుపోతుంది. వీసాకి కాగితాలు ఇచ్చేసేనండి."

"ఏమైందండి?" అన్నాను.

"ఇంక దాచేదేముందండి" అని అప్పుడు చెప్పారు. ఆయన మోసేది తల్లి రొయ్యల్ని. సముద్రంలో వేటకి వెళ్ళిన పడవలకి ఎప్పుడో ఒకప్పుడు గుడ్డుతో ఉన్న టైగరు రొయ్య ప్రాణంతో దొరుకుతుంది. దాన్ని రేవు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న హేచరీకి బతికుండగా చేరిస్తే, వాళ్ళు గుడ్లు పెట్టించి పిల్లలు తీస్తారు. ఒక్క తల్లి చాలు, ఎన్నో చెరువులకి పిల్ల వస్తుంది. అందుకని పడవ ఒడ్డుకి వచ్చిందని తెలిస్తే పది బళ్ళు పరిగెడతాయి. ఎవరి దారి వాళ్ళకి రహస్యం, ఎవరి బండి వాళ్ళకి రహస్యం. తెలిసినవాళ్ళ కంట పడకూడదనే సొంత ఊళ్ళో షాపులన్నీ వదిలి నా దగ్గరికి వచ్చారు.

"సంచిలో సముద్రపు నీళ్ళు పోసి, ఆక్సిజన్ పట్టి మూతి కడతామండి. ప్రాణం ఉంటుంది. కుదుపు తగిలితేనే చిక్కు. బెదిరిపోయి దారిలోనే గుడ్డు వదిలేస్తుందండి. నీళ్ళు మసకబారిపోతాయి. నాలుగుసార్లు పట్టుకెళ్ళేను. నాలుగుసార్లూ అంతే. హేచరీ వాళ్ళు ఇంక మీ సరుకు తేవద్దన్నారు."

ఆయన దేన్ని, ఎవరిని అనుమానించారో కూడా చెప్పారు. పెట్టెని అనుమానించి రెండుసార్లు మార్చారు. రబ్బరు ఉంగరాలు మార్చారు. టైర్లలో గాలి తగ్గించారు. పడవవాళ్ళు గాయపడ్డ రొయ్యని ఇస్తున్నారేమోనని వాళ్ళతో మాట పట్టింపు తెచ్చుకున్నారు. చివరికి తన నడపడమే బాగోలేదని తీర్మానించుకున్నారు.

"షాకబ్జర్లు విప్పి చూడలేదా అండి?" అన్నాను.

"అవి మీరు బిగించినవి కదండీ" అన్నారు ఆయన.

నేను లేచి లోపలికి వెళ్ళి, ఆయనకి అన్నం పెట్టమని మా ఆవిడతో చెప్పాను. ఆయన మొహమాటపడుతూనే వెళ్ళి కూర్చున్నారు. ఆయన భోజనం ముగించేలోపు షాకబ్జర్లు రెండూ విప్పి, బుష్షులు తీసి జేబులో వేసుకుని, మళ్ళీ బిగించేశాను. చేతులు అంత వేగంగా నాకు ఎప్పుడూ ఆడలేదు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చారు.

"బండిని మామూలు చెయ్యనండి" అన్నాను. "చిన్న సర్దుబాటు చేశాను. ఇంకొక్క ట్రిప్పు వెయ్యండి. ఈసారి నేనూ వస్తాను."

ఆయన ఎస్టీడీ బూతులోంచి హేచరీకి ఫోను చేసి వచ్చి, "ఇదే ఆఖరుసారి అన్నారండి" అన్నారు.

నాలుగు రోజులు ఏ పడవకీ తల్లి రొయ్య పడలేదు. అయిదో రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఓడలరేవు వైపు నుంచి ఆయన బండి వచ్చి షాపు ముందు ఆగింది. ఆయన తడి గోనె తీసి, పెట్టె మూత ఎత్తి చూపించారు. నా క్యారియరు ఏం మోస్తుందో నేను చూడడం అదే మొదలు. ఉబ్బిన పాలిథిన్ సంచిలో, జానెడు దాటిన పొడుగున, చారల ఒంటితో ఆ రొయ్య మెల్లగా కాళ్ళాడిస్తోంది. వీపు మీద ముదురాకుపచ్చ గీత. అదే గుడ్డు. కొమ్ముకి సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగి ఉంది, సంచికి గుచ్చుకోకుండా.

నేను వెనక ఎక్కాను. పెట్టె నా వీపుకి ఆనుకుని ఉంది. మురమళ్ళ నుంచి ఎదుర్లంక దాకా ప్రతి గోతినీ ఒంటితో విన్నాను. రేవులో ఎక్సైజు వాళ్ళు ఉన్నారు గానీ అటు వెళ్ళే బండిని ఎవరూ ఆపలేదు. పంటు మీద ఆయన గోనె మీద నీళ్ళు చల్లుతూ నిలబడ్డారు. యానాంలో మందు షాపుల ముందునుంచి వెళ్తుంటే ఆయన తల కూడా తిప్పలేదు. నేనే తిప్పాను. ఊరు దాటాక మట్టి రోడ్డు. ఒకచోట పెద్ద గొయ్యి తప్పించలేకపోయారు. నా ప్రాణం పోయినంత పనైంది. బండి మునిగి, నిదానంగా తేలింది.

హేచరీలో ఒకాయన సంచి విప్పి, రొయ్యని నీళ్ళలోనే రెండు చేతుల్లోకి తీసుకుని, కింద టార్చి పెట్టించి చూశాడు. మేమిద్దరం ఆయన నోటి వంక చూస్తున్నాం.

"గీత అలాగే ఉందండి. చుక్క వదల్లేదు. బాగా తెచ్చేరు."

మలికిపురం ఆయన సిమెంటు గచ్చు మీద అలాగే కూలబడిపోయారు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి తీసి, "మేస్త్రీ గారండీ, వీసా కాగితాలు వెనక్కి తీసేసుకుంటానండి" అన్నారు. అక్కడితో నేను నోరు మూసుకుంటే నా షాపుకి జీవితాంతం దణ్ణాలు పెట్టేవారు. ఆ సంగతి నాకు తెలుసు. వచ్చేటప్పుడు పంటు మీద, గట్టు కనపడుతుండగా, ఆయనే అడిగారు.

"ఇంతకీ ఏం సర్దేరండి బండికి?"

ఆ రోజు నుంచీ జేబులోనే మోస్తున్న రెండు బుష్షులూ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో మొత్తం చెప్పాను. స్టేషన్లో బల్ల సంగతి, జీపు సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే అవి నాకే సాకుల్లా వినిపించాయి.

"మందు మోస్తాననుకున్నారా అండి?"

"ఆయ్" అన్నాను.

"అడిగితే చెప్పేవాణ్ణి కదండీ."

నా పాడు బుద్ధి అప్పుడు కూడా ఊరుకోలేదు. "మీరైనా చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"చెబుదామనే వచ్చేనండి, మొదటి రోజు. పని చేసేవారికి చెప్పాలి కదా. ఏం సరుకని మీరు అడుగుతారని చూసేను. అడగలేదు. అడగనివారికి మన గొడవ చెప్పడం బాగోదని ఊరుకున్నానండి."

ఆయన గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. బుష్షుల్ని నీళ్ళలోకి విసరలేదు, జాగ్రత్తగా నా చేతికే ఇచ్చేశారు. నన్ను బండి మీద షాపు దాకా తెచ్చి దింపి, మా ఆవిడని పలకరించి, "వస్తానండి" అని వెళ్ళిపోయారు.

ఆయన మళ్ళీ ఎడారికి వెళ్ళలేదు. ఆ బండి మీదే నిలదొక్కుకున్నారు. నిషేధం పోయింది, కొన్నేళ్ళకి రేవు మీద వంతెన వచ్చింది, పంటు ఆగిపోయింది. ఆయన బండి మాత్రం నా షాపు ముందునుంచే వెళ్ళేది. నన్ను చూస్తే చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టేవారు. ఆగేవారు కాదు. బండికి ఏ పని పడినా అమలాపురంలో చేయిస్తున్నారని టీ కొట్టాయన చెప్పాడు. నాకు బాధేసింది. ఆయన నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి ఏదైనా పనికి పిలిస్తే బాగుండునని చాలాకాలం ఎదురుచూశాను.

వంతెన వచ్చిన తర్వాత వేసవిలో, ఒక మధ్యాహ్నం, ఆయన బండి తోసుకుంటూ వస్తున్నారు. సైలెన్సరు విరిగి నేలకి రాసుకుంటోంది. అయిదు నిమిషాల వెల్డింగు పని. నేను రాడ్డు చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాను. ఆయన షాపు ముందుకి వచ్చి, చెమట తుడుచుకుని, నవ్వుతూ అడిగారు.

"బాగున్నారా అండి? అమ్మగారు బాగున్నారా?"

"బాగున్నామండి" అన్నాను.

"వస్తానండి మరి" అని, ఆ ఎండలో, అమలాపురం వైపు బండి తోసుకుంటూ వెళ్ళిపోయారు.